వీపు మీద నెమలితోక

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు హర్షిత గోడకున్న నా చిన్నప్పటి ఫొటోను తన ఫోనులోకి ఎక్కించుకుంది. కాసేపు అటూ ఇటూ నొక్కి, "నానమ్మా, నీ ఫొటోకు రంగులొచ్చేశాయి చూడు" అని నా ముందు పెట్టింది. మా రోజుల్లో నాన్న తల్లిని జేజి అనేవాళ్లం. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట పలికే పిల్లలు లేరు. కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. పదేళ్ల నేను. పూలజడ, పాపిటబిళ్ల, గంటలా విచ్చుకున్న పావడా, భుజాల దగ్గర బుట్టల్లా ఉబ్బిన చేతుల రవికె, ఎదమీద చెమ్కీల నెమలి. ఎవరో పౌడరు అద్దినట్టు ముఖం గులాబీ రంగులో ఉంది. బట్టలు మాత్రం మిరపపండులా ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఎరుపు కాదే, ఆకుపచ్చ" అన్నాను.

"ఫోను ఊరికే వెయ్యదు నానమ్మా. దానికి లెక్క ఉంటుంది. నీకు డెబ్బై దాటాయి, మర్చిపోయి ఉంటావు."

 ఆ బట్టల రంగు మీద మా ఇంట్లో అనుమానాలు పుట్టడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి పుట్టిన అనుమానానికి ఒక మనిషి మా ఇంటి గడప దాటి వెళ్లిపోయినంత పనైంది. ఆ పాపంలో సగం నాది.

మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. వరి మళ్లు అయిపోయి సరుగుడు తోపులు మొదలయ్యే చోట మా ఇల్లు. సాయంత్రం గాలి తిరిగితే దండెం మీది గుడ్డలన్నీ ఉప్పగా అయ్యేవి. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాన్నకు పొలం తప్ప వేరే లోకం లేదు. ఇల్లంతా జేజి చేతి మీద నడిచేది. జేజి ఎవరినీ నమ్మేది కాదు. పిండి డబ్బాలో పిండిని చదును చేసి పైన వేలితో ఒక గీత గీసేది. ఆ గీత చెదిరిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. నూనె జాడీకి బొగ్గుతో గుర్తు పెట్టేది. నేతి గిన్నె మూతికి గుడ్డ కట్టి, తనకు తప్ప ఇంకొకరికి రాని ముడి వేసేది. చాకలి తెచ్చిన చీరలను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకొని చూసేది, మధ్యలో ఎవరైనా కట్టుకొని విడిచారేమోనని. మొలగొలుకుల బియ్యపు అన్నం వాసన, జేజి నోట్లో ఆకూవక్క వాసన, ఆమె కళ్లలోని ఆ అనుమానం, ఇవన్నీ కలిసిందే నా చిన్నతనం.

మా అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అప్పటికి అతనికి పెళ్లయి రెండేళ్లు. వదిన పేరు కస్తూరి. తండ్రి లేని పిల్ల, మద్రాసులో మేనమామ ఇంట్లో పెరిగింది. ఆ మద్రాసు అన్న మాటే జేజి గొంతులో ముల్లులా ఉండిపోయింది. వదిన తల దువ్వుకున్నా, నవ్వినా, సబ్బుతో రెండుసార్లు ముఖం కడుక్కున్నా "మద్రాసు" అని ఒక్క మాట అని ఊరుకునేది. వదిన బదులు చెప్పేది కాదు. ఆమెకు మాటల కంటే చేతులు ముందు. చిరిగిన తువ్వాలుకు మాసిక వేస్తే, మాసిక ఎక్కడుందో వేళ్లతో తడిమినా తెలిసేది కాదు.

మా చిన్నత్తకు, అంటే జేజి కడగొట్టు కూతురికి, పెళ్లి కుదిరింది. తోడుపెళ్లికూతురిని నేను. ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో డేరా టాకీసు వేశారు. కొత్త బొమ్మలు పట్నాల్లో ఆడి ఆడి, అరిగిపోయి, రీలు మీద వానపడుతూ మా దాకా వచ్చేవి. ఇంట్లో ఆడవాళ్లమంతా బండి కట్టించుకొని పోయాం. ఇసక మీద చాప వేసుకొని కూర్చున్నాం. రాజుల కథ. అందులో రాజకుమారి తోటలో ఉయ్యాల ఊగుతూ వచ్చింది. ఎదమీద నెమలి, బుట్ట చేతులు, గంటలాంటి పావడా. చిన్నత్త నా చెయ్యి గిచ్చి, "మే చెంచూ, నీకు అట్టాంటిది కుట్టిస్తే!" అంది. నేను వదిన వైపు చూశాను. వదిన నోరు కొంచెం తెరుచుకొని ఉంది. తెరను చూస్తున్నట్టు లేదు. జాతరలో తప్పిపోయిన బిడ్డ కనపడితే చూస్తారే, అట్లా చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో రంగు మీద వాదన మొదలైంది. అది నలుపు తెలుపు బొమ్మ. చిన్నత్త ఎరుపంది. "రాజుబిడ్డ ఎరుపు గాక ఏం కడతాది?" జేజి నమిలే వక్క ఆపి, "తెల్లగా ఉండాది గదే. నా కళ్లు పోయినాయా? తెల్లదే" అంది. వదిన మెల్లగా, "ఆకుపచ్చ" అంది. "గోరింటాకు నూరితే వస్తది చూడండి, ఆ పచ్చ."

"నువ్వు చూసినావా?" అంది జేజి.

"నాకు తెలుసు జేజీ" అంది వదిన. అంతే. జేజి ఆపిన వక్క మళ్లీ నమలసాగింది, వదిన మీదనుంచి చూపు తిప్పకుండా.

కుట్టు పని వదినే మొదలుపెట్టింది. అన్న నెల్లూరు పోయి గోరింటాకు పచ్చ సాటిన్ గుడ్డ తెచ్చాడు. వదిన నవారు మంచం నవారంతా విప్పేయించి, ఆ ఉత్త చట్రానికి గుడ్డను నాలుగు వైపులా దారాలతో లాగి కట్టింది. వేలితో కొడితే డప్పులా మోగేది. చెమ్కీలు, జరీ తీగ, సూదులు మస్తాన్ బీ తెచ్చి ఇచ్చేది. ఆమె నెల్లూరు నుంచి వారానికొకసారి గంప నెత్తిన పెట్టుకొని మా ఊళ్లకు వచ్చే సాయబుల ఆడమనిషి. పావడా గంటలా నిలవాలంటే లోపల బిరుసు జాలీ గుడ్డ కావాలట. అది మాకు ఎక్కడ దొరుకుతుంది? వదిన చేపలమ్మే ఒక పట్టపామె దగ్గర పాత నూలు వల అడిగి తెప్పించింది. కుంకుడుకాయ రసంలో మూడుసార్లు ఉతికి, చిక్కటి గంజిలో ముంచి, ఎండలో మడత మడతగా నిలబెట్టింది. అప్పడంలా బిగిసింది. చేపల వాసన మాత్రం పూర్తిగా పోలేదు. జేజి ఆ వలను వాసన చూసి, "పెళ్లిలో పిల్లులన్నీ మన పిల్ల వెనకే వస్తాయి" అని వట్టివేళ్లు తెచ్చి దాని మడతల్లో కుక్కింది. అప్పుడు అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది. ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వడం చాలా రోజుల దాకా అదే ఆఖరు.

రవికె ముందు భాగం పూర్తయిన రోజున జేజి దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసింది. నెమలి కన్ను, ముక్కు, మెడ, అన్నీ బొమ్మలో చూసినట్టే. తిప్పింది. వీపు మీద ఒక్క చెమ్కీ లేదు. బోసి గుడ్డ.

"ఇక్కడెప్పుడు కుడతావు?"

"వీపుకు పని ఉండదు జేజీ. అసలు దానికి కూడా అంతే" అంది వదిన సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ మాట అన్న మరుక్షణమే ఆమె చెయ్యి ఆగిపోయింది. దారం సూది బెజ్జంలో సగం దాకా పోయి నిలిచింది.

జేజి రవికెను మడిచి పక్కన పెట్టింది. నన్ను పెరట్లోకి పిలిచింది. "ఆ బొమ్మలో పిల్ల మనకు వీపు చూపిందా మే?" అని అడిగింది. నేను బాగా ఆలోచించాను. ఉయ్యాల మీద, మేడ మీద, గుర్రం మీద, ఎక్కడా చూపలేదు. జడ, ముసుగు, లేకపోతే గోడ. "లేదు జేజీ." "మరి ఈమెకెట్ట తెలుసు? రంగు తెలుసంట, వీపు తెలుసంట. మద్రాసులో ఆ వేషాల గుంపులో తిరగకుండా ఇవన్నీ తెలుస్తాయా? రేపు వియ్యంకులకు తెలిస్తే మీ చిన్నత్త పెళ్లి పీటల దాకా పోదు. అట్టాంటిదే అయితే పెళ్లికి ముందే దీన్ని మద్రాసు పంపించేస్తా. నువ్వు దాని వెంటే ఉండు. ఏం చేస్తాదో, ఏం దాస్తాదో నాకు చెప్పు."

నాకు ఆ పని ఇష్టమైంది. ఆ మాట ఇప్పుడు దాచుకోవలసిన అవసరం లేదు. పదేళ్ల పిల్లను పెద్దపనికి పిలిచినట్టు అనిపించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచం చట్రం పక్కన కూర్చుని వదిన చేతులు కాకుండా ముఖం చూసేదాన్ని. ఆమె కూనిరాగం తీస్తే ఏ పాటో గుర్తుపెట్టుకొనేదాన్ని. నన్ను నిలబెట్టి కొలత తీసుకునేటప్పుడు ఆమె వేళ్లు చల్లగా తగిలేవి. "బిగువుగా ఉందా చెంచూ?" అని అడిగేది. ఎందుకు ఇంత మెత్తగా అడుగుతోంది, నాకు తెలిసిపోయిందని భయమా, అని అనుకునేదాన్ని. ఒక మనిషిని అనుమానంతో చూడటం మొదలుపెడితే ఆమె మంచితనం కూడా సాక్ష్యంలాగే కనపడుతుంది. ఇది నాకు అక్షరాల కంటే ముందు వచ్చిన చదువు.

ఒకనాడు వదిన చెరువుకు గుడ్డలు తీసుకుపోయినప్పుడు ఆమె పెట్టె తెరిచాను. చీరల అడుగున నాలుగు మడతలు పెట్టిన గట్టి కాగితం ఉంది. ఒకవైపు ఏవో రాతలు. విప్పి చూస్తే కాగితం నిండా సూదిపోట్లు. వందలు, వేలు. పరుగెత్తి జేజికి ఇచ్చాను. జేజి దాన్ని ఎండకు పట్టింది. బెజ్జాల్లోంచి వెలుగు వచ్చి ఆమె మెడ మీద, చెంప మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఆమె కాగితాన్ని తేలుకుట్టినట్టు కింద పడేసింది. "చిల్లంగి!" అంది. "సూదితో పొడిచి దాచిందంటే ఎవరి మీద చేయించిందో!" నా తలచుట్టూ ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. రాతలు అన్నకు చూపించి చదివించుకోవచ్చు. ఇంట్లో అక్షరం తెలిసింది అన్నకూ వదినకూ మాత్రమే. కానీ చూపలేదు. చదివితే ఏం బయటపడుతుందోనని జేజికి భయం. చదవకపోతే నిద్ర లేదు.

రెండు రోజులకు మస్తాన్ బీ వచ్చింది. వదిన లోపల వంటలో ఉంది. జేజి కాగితాన్ని కొంగు చాటునుంచి తీసి, ముట్టుకోకుండా పుల్లతో ముందుకు తోసింది. మస్తాన్ బీ తీసుకొని చూసి పకపకా నవ్వింది.

"చిల్లంగి ఏంది పెద్దమ్మా! ఇది జరీ పనివాళ్ల అచ్చు. బొమ్మ గీసి, గీత వెంట సూదితో పొడుస్తారు. గుడ్డమీద పరిచి, నీలిమందును కిరసనాయిల్లో కలిపి రుద్దితే బెజ్జాల్లోంచి బొమ్మ దిగతాది. మా ఇళ్లలో ఇట్టాంటివి గంపెడు ఉండాయి." కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "కిరసనాయిలు వాసన ఇంకా పోలా. బెజ్జాలు చూడు, ఎంత సమానంగా ఉండాయో. ఇంట్లో సరదాకు పొడిచిన చెయ్యి కాదు ఇది. కూలికి కూచున్న చెయ్యి."

ఆ మాటకు జేజి ముఖం చిల్లంగి అన్నప్పటికంటే నల్లబడింది. ఎండకు మళ్లీ పట్టి చూసింది. ఈసారి ఆమెకు కూడా కనపడింది. నెమలి. అదే నెమలి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక జేజి వదినను వసారాలో కూర్చోబెట్టింది. నన్ను పొమ్మనలేదు. బహుశా నేను సాక్షిని కాబట్టి.

కాగితం ముందు పెట్టి, "చెప్పు" అంది.

వదిన ఏడవలేదు. నేల చూస్తూ చెప్పింది. "మా మామ ఇంటి పక్కన ఒక కుట్టుపని మేస్త్రీ ఉండేవాడు. సినిమా కంపెనీలకు బట్టలు పంపేవాడు. వాళ్ల వసారాలో చట్రాల దగ్గర మేం నలుగురు ఆడపిల్లలం కూచునేవాళ్లం. పన్నెండో ఏటినుంచి కూచున్నా. మా అమ్మకు మందులు కావాల. స్టూడియో ఎట్ట ఉంటదో నాకు తెలవదు జేజీ. ఒట్టు. కుట్టింది మూటగట్టి తీసుకపోయేవాళ్లు. ఎవరు కట్టుకుంటారో, ఏ బొమ్మో కూడా చెప్పేవాళ్లు కాదు. ఆ పొద్దు డేరాలో చూసినా. నా నెమలి. మెడ దగ్గర ఒక చెమ్కీ వరస వంకర పోయింది. అది చూసి గుర్తుపట్టినా."

"పెళ్లప్పుడు ఎందుకు చెప్పలా?"

"చెప్తే చేసుకొనుంటారా?"

జేజి ముందుకు జరిగింది. "చెయ్యి ఇట్ట తే" అంది. వదిన కుడిచెయ్యి పట్టుకొని వేళ్ల కొసలు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసింది, సంతలో గింజ నాణ్యం చూసినట్టు. వేలి చివర చర్మం గవ్వలా గట్టిపడి ఉందని నాకు అప్పటికే తెలుసు. కొలత తీసుకునేటప్పుడు తగిలేది. జేజి చెయ్యి వదిలేసి లేచిపోయింది.

 మర్నాడు వదిన పెట్టె సర్దుకోవడం కిటికీలోంచి చూశాను. అన్న తల వంచుకొని పొలానికి పోయి వచ్చేవాడు. అతనికి ముందే తెలుసో తెలియదో ఈనాటికీ నాకు తెలియదు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. రెండోనాటి సాయంత్రం వదిన నా రవికె చంకల దగ్గర కుట్లు సరిచూస్తూ, పళ్ల మధ్య గుండుసూదులు పట్టుకొని, "పెట్టె తీసింది నువ్వే గదా చెంచూ" అంది. కోపంగా కాదు. "పెట్టె గొళ్లేనికి నేను ఒక దారప్పోగు చుట్టి పెడతా. అది తెగి ఉండాది." అప్పుడు నాకు అర్థమైంది, మా ఇంట్లో గీతలు గీసి కాపలా కాసేది జేజి ఒక్కతే కాదని. "నేను కాదు వదినా" అన్నాను. ఆమె నా ముఖం చూసి, "సరేలే, చెయ్యెత్తు" అంది.

మూడోనాడు పొద్దున్నే జేజి ఆ రవికె తెచ్చి వదిన ఒళ్లో పడేసింది.

"వీపు ఇట్ట బోసిగా వదిలేస్తే పెళ్లిలో ఏం మర్యాద? తెర ముందు ఒక పక్కే జనం. మన పిల్లకు నాలుగు పక్కలా ఉంటారు. ముందు నెమలి మెడ పెట్టి తోక ఎగ్గొడతారా ఎవరైనా? భుజం మీదనుంచి వెనక్కి తిప్పు తోక. కిందదాకా రావాల."

వదిన తల ఎత్తింది. "పెళ్లి ఇంకా ఆరు రోజులే ఉండాది జేజీ."

"అందుకే చెప్తుండా. కూచో. వంట నేను చూసుకుంటా."

పెట్టె సర్దిన చీరలు మళ్లీ దండెం మీదికి ఎప్పుడు వచ్చాయో నేను చూడలేదు. ఆరు రోజులు జేజి వదినను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మధ్యమధ్య వచ్చి నిలబడి చూసేది. వీపు తోకకు చెమ్కీలు చాలకపోతే మస్తాన్ బీని పిలిపించింది. ఆమె కూడా చట్రానికి అవతల కూర్చుని కుట్టింది. తోకలో కన్నులు ఎన్ని వెయ్యాలో వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే జేజి, "నా బిడ్డ పెళ్లి. నేను చెప్పినన్ని" అనేది. కానీ రాత్రి పడుకోబోయే ముందు పిండి డబ్బాలో గీత గీయడం మాత్రం మానలేదు.

పెళ్లిలో వియ్యపురాలు నన్ను దగ్గరికి లాగి వెనక్కి తిప్పి చూసింది. "ఏమ్మా, ఇది ఆ బొమ్మలోని రాణి బట్టలు గదా? రంగు ఎట్ట తెలిసింది మీకు?" అంది. ఆమె గొంతులో కూడా జేజి గొంతులోని ముల్లే వినపడింది నాకు. వదిన అక్షింతల పళ్లెం పట్టుకొని అక్కడే నిలబడి ఉంది. 

"రంగు నేను చెప్పినా" అంది జేజి. "మా ఇంట్లో ఏ రంగు కట్టాల్నో నేనే చెప్తా. వెనక తోక కూడా నేనే చెప్పినా. మాది ముందొకటి వెనకొకటి ఉండే ఇల్లు కాదు."

వియ్యపురాలు ఇంకేదో అనబోయింది. అంతలో ఒక పిల్లి నిజంగానే నా పావడా కిందికి దూరింది. అందరూ నవ్వారు. ఫొటో అప్పుడే తీశారు. ఫొటోలో నేను నవ్వాపుకొంటున్నట్టు ఉన్నది అందుకే.

జేజి పోయాక ఆమె పెట్టె నాకు వచ్చింది. అడుగున ఆ సూదిపోట్ల కాగితం, అవే నాలుగు మడతల్లో. వదినను ఇంట్లో ఉంచుకుంది, వెనకేసుకొచ్చింది, కానీ సాక్ష్యాన్ని మాత్రం పారెయ్యలేదు మా జేజి. ఆ కాగితం నా దగ్గర చాలా ఏళ్లు మూగగా పడి ఉంది. యాభై దాటాక ఊళ్లో పెద్దవాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తోటివాళ్లు బస్సుల బోర్డులు చదువుతుంటే నేను ఇంటికి వచ్చి ఆ కాగితం విప్పాను. గీతలు వెలిసిపోయి ఉన్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఒక పూట పట్టింది. మేస్త్రీ పనివాళ్లకు రాసింది అది: "లేత పసుపు గుడ్డ. ఆకుపచ్చ వద్దు, తెరమీద నల్లగా పడుతుంది. వీపుకు పని అక్కర్లేదు."

మళ్లీ చదివాను. పసుపు. బండిలో అంత గట్టిగా పచ్చ అన్న మనిషి కుట్టింది పసుపు. నాకు మళ్లీ అనుమానం మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది నాలో ఎంత తేలిగ్గా లేచి కూర్చుందో చూసి భయం వేసింది. కాగితం తీసుకొని వదిన దగ్గరికి పోయాను. అప్పటికి ఆమె చేతులు వణుకుతున్నాయి, సూది మానేసి చాలా కాలమైంది. కాగితం ఆమె ముందు పెట్టి, "పెట్టె తీసింది నేనే వదినా" అన్నాను. నలభై ఏళ్లు పట్టింది ఆ మాటకు.

"అది నాకు ఆ పొద్దే తెలుసు గదే" అంది.

"మరి పచ్చ అని ఎందుకన్నావు? పసుపని రాసుండాది."

ఆమె కాగితం మీద వేళ్లు ఆడించింది, చదవకుండా, బెజ్జాల వెంట. "ఆ నెమలికి పచ్చే నప్పతాదని మేస్త్రీతో వాదులాడినా. పన్నెండేళ్లదాని మాట ఎవరు వింటారు? పసుపు మీద కుట్టినన్నాళ్లూ నా కళ్లకు అది పచ్చగానే కనపడేది. బండిలో మీ జేజి అడిగితే నోట్లోనుంచి అదే వచ్చింది. అబద్ధం అనుకోలా." కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "నీకు కుట్టిందే అసలుది" అంది.

వదిన పోయి పదేళ్లయింది. ఆ పావడాను, రవికెను విప్పి చిన్నత్త పిల్లలకు చిన్నచిన్న గౌన్లు కుట్టింది ఆమే. చెమ్కీలు ఎటు పోయాయో తెలియదు. ఇప్పుడు బట్టలు డబ్బాలో ఇంటికి వస్తాయి. ఎవరు కుట్టారో, వాళ్ల వేళ్లు ఎట్లా ఉంటాయో కొనేవాళ్లకు తెలియదు. అప్పుడు మాత్రం తెలిసిందా? ఒక్క ఇంట్లో తెలిసింది, అదీ వదిన పెట్టె నేను దొంగతనంగా తీశాను కాబట్టి. ఏ కాలం మంచిదని అడిగితే నేను చెప్పలేను. మా ఇంట్లో పిండి డబ్బాలో ఇప్పటికీ నేను గీత గీస్తూనే ఉన్నాను.

హర్షిత ఫోను ఇంకా నా ముందే పట్టుకొని ఉంది. "సరే, పచ్చే అనుకుందాం" అంది, పెద్దదాన్ని కదా అని నా మాట నిలబెడుతున్నట్టు.

"అనుకోవడం కాదు. పచ్చే. వెనక వీపు మీద నెమలితోక కూడా ఉంది. నడుందాకా."

"ఫొటోలో వీపే కనపడటం లేదు కదా, నానమ్మా. ఇన్నేళ్ల తర్వాత నీకెట్లా తెలుసు?"

"నాకు తెలుసు" అన్నాను.

అది నావైపు తల ఒకపక్కకు వంచి, కళ్లు చిన్నవి చేసి చూసింది. వక్క నమలడం ఒక్కటే తక్కువ. అచ్చం మా జేజి.